రెక్కలు సరే, పానా ఎక్కడ?

మూడేళ్ల కిందట తిరుపతిలో ఒక సాహిత్య సదస్సు. నన్ను సభకి పరిచయం చేస్తూ అధ్యక్షురాలు "ఈ అమ్మాయి బుల్లెట్ మీద వచ్చే పరిశోధకురాలు" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టారు. నా పరిశోధన దేనిమీదో చెప్పడం ఆవిడ మర్చిపోయారు. నా బండి బుల్లెట్ కాదు. ఏ బండి అని అడగాలని కూడా ఎవరికీ తోచలేదు. ఆడమనిషి కింద ఉన్న పెద్ద బండి ఏదైనా సరే బుల్లెట్టే. ఆ తర్వాత ఒక యువకవయిత్రి రెక్కల మీద కవిత చదివింది. చివరి పాదాల దగ్గర నావైపు చూసి నవ్వింది.

భోజనాలయ్యాక, నేను ఎంతో గౌరవించే ఒక పెద్ద రచయిత్రి నన్ను పక్కకి పిలిచి మెల్లగా అన్నారు: "ఏమనుకోకమ్మా. మగవాడి బొమ్మతో మగవాడిలా ఆడుకోవడం స్త్రీవాదం ఎట్లా అవుతుంది?"

సాయంత్రం బయటికొస్తే బండి స్టార్ట్ కాలేదు. నిజానికి పెద్ద సంగతేం కాదు. ట్యాంకులో పెట్రోలు తగ్గింది, కింద ఉన్న కొళాయిని రిజర్వుకి తిప్పాలి. నేను వంగి తిప్పేలోగానే నలుగురు మగవాళ్లు చేరారు. ఒకాయన నన్ను మాటమాత్రం అడక్కుండా బండెక్కి కూర్చుని, బ్యాటరీ నీరసించేదాకా సెల్ఫ్ బటన్ నొక్కుతూనే ఉన్నాడు. ఇంకొకాయన "పాత బండ్లు ఆడవాళ్లకెందుకండీ, తలనొప్పి" అన్నాడు. మా రచయిత్రులందరూ మెట్ల మీద నిలబడి "ఎవరన్నా మెకానిక్కుని పిలుద్దామా?" అని కంగారు పడుతున్నారు. నేను ఆయన్ని దిగమని చెప్పి, కొళాయి తిప్పి, కిక్ కొట్టాను. రెండో కిక్కుకి అందుకుంది. మెట్ల మీద మళ్లీ చప్పట్లు!

ఆ రెండుసార్లు కొట్టిన చప్పట్ల మీదా, ఆ పెద్దావిడ ప్రశ్న మీదా నాకు కలిగిన కోపమే ఈ వ్యాసం. చప్పట్లు కొట్టినవాళ్లూ ప్రశ్న వేసినవాళ్లూ వేర్వేరు పక్షాల వాళ్లని నేను అనుకోవడం లేదు. ఇద్దరూ బండిని ఒక ప్రతీకగానే చూశారు. ఒకరికి అది స్వేచ్ఛకి ప్రతీక, ఇంకొకరికి మగతనానికి. అది ఒక వస్తువనీ, దానికి ఒక యజమాని ఉంటుందనీ, దాన్ని ఎవరో ఒకరు బాగుచేస్తుండాలనీ ఇద్దరికీ పట్టలేదు.

కాబట్టి ముందు వస్తువు గురించి చెప్తాను.

నాది హీరో హోండా కరిజ్మా. ఈ బండి 2003లో మార్కెట్లోకి వచ్చింది. 223 సీసీ, ఒకటే సిలిండరు, గాలితో చల్లబడే ఇంజను, ఐదు గేర్లు. ట్యాంకులో 15 లీటర్లు పడుతుంది. బండి బరువు నూట యాభై కిలోల దాకా ఉంటుంది. 18 అంగుళాల చక్రాలు, ముందు డిస్కు బ్రేకు, ఎదురుగాలిని కోసేందుకు ముందర ఒక తొడుగు. మరీ పడుకుని నడిపే రేసు బండీ కాదు, ఊళ్లో తిరిగే మామూలు బండీ కాదు. దూరాలు తొందరగా, నడుము విరక్కుండా పోవడానికి చేసిన బండి. స్పోర్ట్స్ టూరింగ్ అంటారే, ఆ తరగతిని ఈ దేశంలో మధ్యతరగతికి అందుబాటులోకి తెచ్చిన బండ్లలో ఇదొకటి. నాది 2007 మోడలు, 2016లో పాతదే కొన్నాను. నంబరు ఏపీ 03, అంటే చిత్తూరు జిల్లా. 2022 ఏప్రిల్లో ఆ జిల్లా ముక్కలై నేనుండే తిరుపతి వేరే జిల్లా అయిపోయింది. హీరో, హోండా విడిపోవాలని 2010 చివర్లోనే నిర్ణయించుకున్నాయి. నా ట్యాంకు మీద మాత్రం ఆ ఇద్దరి పేర్లూ ఇంకా కలిసే ఉన్నాయి. 2023లో అదే పేరుతో ఇంకో బండి వచ్చింది గానీ దాని ఇంజను వేరు. దాని సామాను నా బండికి పనికిరాదు.

ఇప్పుడు ఈ బండి ఎవరికోసం తయారైందో చూడండి. 2003లో దీని ప్రకటనల్లో ఉన్నది హృతిక్ రోషన్. కొద్ది సంవత్సరాలకే అదే కంపెనీ ప్లెజర్ అనే గేర్లు లేని స్కూటరు తెచ్చింది. దాని ప్రకటనలో ప్రియాంకా చోప్రా. సరదా అంతా మగపిల్లలకేనా అని ఆ ప్రకటన నిలదీసింది. ఆడవాళ్లకోసం ప్రత్యేకంగా షోరూములు కూడా తెరిచారు. వినడానికి ఎంత బాగుంది! కానీ ఆ ప్రశ్నకి కంపెనీ ఇచ్చిన జవాబేమిటి? సరదా మీకూ ఉంది, కానీ అది 10 అంగుళాల చక్రాల మీద, గేర్లు లేకుండా, రంగురంగుల్లో ఉంటుంది అని. మగవాడికి దూరం, మనకి దగ్గర. మగవాడికి రోడ్డు, మనకి వీధి.

స్కూటరుని నేను చులకన చెయ్యడం లేదు. మన ఊళ్లలో ఆడవాళ్ల కాళ్లకి అది తెచ్చిన కదలిక తక్కువేం కాదు. పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం గేటు దగ్గర పొద్దున నిలబడితే తెలుస్తుంది. కానీ దాని నిర్మాణం ఒకసారి చూడండి. కాళ్ల దగ్గర చదునైన చోటు, అది గ్యాస్ సిలిండరు పెట్టుకోవడానికి, బియ్యం మూట పెట్టుకోవడానికి, పిల్లవాణ్ణి నిలబెట్టుకోవడానికి. సీటు కింద పెట్టె, అది కూరగాయలకి. వంటింటికి చక్రాలు తగిలిస్తే ఎట్లా ఉంటుందో అట్లా ఉంటుంది. ఆ పనులు చెయ్యాలి కాబట్టి ఆ బండి కావాలి, ఆ బండి ఉంది కాబట్టి ఆ పనులన్నీ ఆమెవే.

మా పక్క ఇంకో సంగతి ఉంది. ఇది ఘాట్ల దేశం. తిరుమల ఘాట్లు రెండు, 1944లో వేసినదీ 1974లో వేసినదీ. మదనపల్లె దారిలో భాకరాపేట ఘాటు. చిత్తూరు నుంచి పలమనేరు పోతే మొగిలి ఘాటు. ఆపైన హార్స్‌లీ కొండ. గేర్లున్న బండిని రెండో గేరులో వేసి కొండ దిగితే ఇంజనే బండిని వెనక్కి పట్టుకుంటుంది, బ్రేకుల మీద భారం తగ్గుతుంది. గేర్లు లేని స్కూటరులో ఆ పట్టు బాగా తక్కువ. దిగినంతసేపూ బ్రేకులు నొక్కుతూనే ఉండాలి. వరసగా మలుపులొస్తే అవి వేడెక్కి పట్టు సడలుతాయి. గుంతలో చిన్న చక్రం దిగబడినట్టు పెద్ద చక్రం దిగబడదు. ఇది లెక్కల్లో తేలిన విషయం, ఇందులో మగతనం ఏమీ లేదు. 'ఆడవాళ్లకి గేర్లు కష్టం' అని ప్రేమగా చెప్పే మాట, ఘాటు మీద ఆడవాళ్ల ప్రాణాన్ని బ్రేకులకి మాత్రమే అప్పగిస్తుంది. సుకుమారమని మనల్ని పొగిడిన చోటల్లా మనం ఏం పోగొట్టుకుంటున్నామో వెతుక్కోవాలి.

చట్టమూ అదే దారి. 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో 123వ నియమం చదవండి. ప్రతి మోటారు సైకిలుకీ వెనక కూర్చున్న మనిషికి చేతిపట్టు ఉండాలి, కాలు పెట్టుకునే చోటు ఉండాలి, బట్టలు చక్రంలో పడకుండా వెనక చక్రంలో కనీసం సగాన్ని కప్పే అడ్డు ఉండాలి. నియమంలో స్త్రీ అన్న మాట లేదు. మన వాడుకలో మాత్రం దాని పేరు శారీ గార్డు. మంచి నియమమే, ఎన్నో ప్రాణాలు కాపాడి ఉంటుంది. కానీ మోటారు సైకిలు మీద మన చోటు ఎక్కడో కూడా అది చెప్తోంది. వెనక, ఒక పక్కకి తిరిగి, చీర సర్దుకుంటూ... రిజిస్ట్రేషన్ దరఖాస్తు తీసి చూడండి. పేరు పక్కన 'కుమారుడు/భార్య/కుమార్తె' అని ఉంటుంది. మగవాడు ఎప్పటికీ ఎవరికో కొడుకు. మనం ఈ దరఖాస్తుకి కూతురిమో, ఆ దరఖాస్తుకి భార్యమో. ఢిల్లీలో 2014 దాకా బండి మీద పోయే ఆడవాళ్లకి హెల్మెట్ తప్పనిసరి కాదు. ఆడవాళ్ల తలలో కాపాడవలసింది ఏమీ లేదనుకున్నారేమో!

ఇప్పుడు ఆ పెద్దావిడ ప్రశ్నకి వస్తాను. ఇది మగవాణ్ణి అనుకరించడం కాదా?

1990ల మొదట్లో తమిళనాడు పుదుక్కోట్టై జిల్లాలో అక్షరాస్యత ఉద్యమంలో భాగంగా వేలమంది పల్లె ఆడవాళ్లు సైకిలు నేర్చుకున్నారు. షీలా రాణీ చుంకత్ అప్పుడక్కడ కలెక్టరు. పాలగుమ్మి సాయినాథ్ ఆ ఉద్యమం గురించి రాశారు. అందులో నాకు అన్నిటికంటే నచ్చిన సంగతి ఒకటుంది. ఆడవాళ్ల సైకిళ్లు సరిపోక ఎంతోమంది మగవాళ్ల సైకిళ్లు కొన్నారు. తర్వాత కొందరు అవే మేలన్నారు. ఎందుకో తెలుసా? సీటు నుంచి హ్యాండిలు దాకా ఉండే కడ్డీ మీద బిడ్డని కూర్చోబెట్టుకోవచ్చు కదా! ఆ కడ్డీకి లింగం లేదు. ఆ ఆడవాళ్లు దాన్ని వాడుకుని తమదిగా చేసుకున్నారు. వాళ్లని మగవాళ్లని అనుకరిస్తున్నారని ఎవరన్నా అంటే నవ్వి ఉండేవాళ్లు. అనుకరణ అనే భయం వస్తువుకి దూరంగా ఉన్నవాళ్లదే. కలం ఒకప్పుడు మగవాడిదే కదా? దాన్ని పట్టుకున్నందుకు మనల్నీ ఇదే మాట అన్నారు.

అయితే ఒకటి ఒప్పుకుంటాను. బండి నడపడం ఒక్కటే విముక్తి అనుకుంటే ఆవిడ అనుమానం నిజమే. మార్చి 8న గులాబి చున్నీలు కట్టుకుని వరసగా బండ్ల మీద ఊరేగి, పేపర్లో ఫోటో పడి, సాయంత్రం బండి తాళం అన్నకి ఇచ్చేసే ఊరేగింపులు నాకూ నచ్చవు. మా పక్క 'నడపడం' అనరు, 'తోలడం' అంటారు. ఎద్దుల్ని తోలినా, బండిని తోలినా అదే మాట. సొంత ఎద్దుల్ని తోలేవాడూ ఉన్నాడు, దొర ఎద్దుల్ని తోలిన పాలేరూ ఉన్నాడు. ఇద్దరూ తోలారు. తేడా ఎక్కడుంది? ఎద్దు ఎవరిది, దానికి జబ్బు చేస్తే నిర్ణయం ఎవరిది, అమ్మాలంటే మాట ఎవరిది... అక్కడుంది. బండి విషయంలో స్త్రీవాదం అడగవలసిన ప్రశ్నలు ఇవి. ఆర్సీ మీద పేరెవరిది? అది ఆగిపోయినప్పుడు చెయ్యి పెట్టేదెవరు?

ఈ రెండో ప్రశ్న దగ్గర నేనే చాలాకాలం ఓడిపోయాను. అదీ చెప్పాలి.

బండి కొన్న కొత్తలో ఒకసారి అది ఎక్సలేటర్ ఎంత తిప్పినా పరుగెత్తడం మానేసింది. ఒక పెద్ద వర్క్‌షాపుకి తీసుకెళ్లాను. "సారు రాలేదా మేడం?" అని అడిగారు. లేరన్నాను. క్లచ్ ప్లేట్లు అరిగిపోయాయన్నారు, మార్చారు. ఐదువేల చిల్లర తీసుకున్నారు. బండి అట్లాగే ఉంది. మా తమ్ముడు ఫోన్ చేస్తే వాడికి పదినిమిషాలు వివరంగా చెప్పారు. వాడికి స్క్రూడ్రైవరు పట్టుకోవడం రాదు. బండి నాది, డబ్బు నాది, రోగం పేరు మాత్రం మా తమ్ముడికి చెప్పారు. మన ఆస్పత్రుల్లో ఆడవాళ్ల గర్భసంచి గురించి మొగుడికి చెప్పినట్టు!

చివరికి చిత్తూరులో ఒక చిన్న షెడ్డు దొరికింది. యాభై దాటిన మనిషి. ఏడో తరగతితో బడి మానేసి పానా పట్టానని చెప్పాడు. ఆయన కార్బ్యురేటరు విప్పి, లోపల పల్చటి రబ్బరు పొర ఒకదాన్ని వెలుతురుకి పట్టి చూపించాడు. దాన్ని డయాఫ్రం అంటారు. సూదిమొనంత చిరుగు. ఎక్సలేటర్ తిప్పినప్పుడు లోపలి గాలి ఒత్తిడి తేడాకి ఆ పొర పైకి లేచి పెట్రోలు దారి తెరవాలి. చిరుగులోంచి గాలి పోతుంటే అది లేవదు. అంతే రోగం. క్లచ్చుకీ దానికీ సంబంధమే లేదు. నేను వంగి చూస్తుంటే ఆయన అన్నమాట నాకు ఏ సెమినార్లోనూ దొరకలేదు: "చూస్తా నిలబడుకుంటే రాదు పాపా. చెయ్యి పెట్టు."

చెయ్యి పెట్టాను. ఆరునెలల పాటు రెండు ఆదివారాలకొకసారి తిరుపతి నుంచి చిత్తూరు పోయి ఆ షెడ్డులో ముక్కాలిపీట మీద కూర్చున్నాను. ఐదువందల కిలోమీటర్లకొకసారి చెయిన్ శుభ్రం చేసి నూనె పెట్టడం, దాని వదులు రెండు మూడు సెంటీమీటర్లు ఉండేలా వెనక చక్రాన్ని సర్దడం నేర్చుకున్నాను. ఇంజను చల్లగా ఉన్నప్పుడే టాపెట్లు చూడాలి. 'టి' గీత గుర్తుకి ఎదురుగా వచ్చేదాకా ఇంజను తిప్పి, మిల్లీమీటరులో పదోవంతు లెక్కన సందు కొలవాలి. క్లచ్ కేబుల్ తెగేముందు లివరు దగ్గర ఒక్కొక్క పోగే విప్పారుతుంది, వేలికి గుచ్చుకుని ముందే చెప్తుంది. ముందు ఫోర్కుల ఆయిల్ సీళ్లు మన దుమ్ముకి త్వరగా పోతాయి. ఇథనాల్ కలిపిన ఇప్పటి పెట్రోలుకి ఇరవయ్యేళ్ల కిందటి రబ్బరు త్వరగా పాడవుతుంది, కాబట్టి పైపులూ వాషర్లూ ముందే మార్చుకుంటుండాలి. సామాను ఊళ్లో దొరకదు. చెన్నై పుదుపేట సందుల్లో వెతకాలి. అక్కడా "ఎవరికమ్మా?" అంటారు. "నాకే" అంటే ఒక క్షణం మౌనం, ఆ తర్వాత ధర.

ఆ షెడ్డులో నాకు రెండు సంగతులు అర్థమయ్యాయి. ఒకటి: అక్కడ ఆడదానికి చోటు లేకపోవడం అనుకోకుండా జరిగింది కాదు. మరుగుదొడ్డి లేదు. మాటలన్నీ మగ మాటలు. పన్నెండేళ్ల పిల్లవాణ్ణి 'పని నేర్చుకోరా' అని తెచ్చి అప్పగిస్తారు. అది బాలకార్మికత్వం అన్నది వేరే దుర్మార్గం. కానీ పద్దెనిమిది నిండిన ఆడపిల్లని కూడా ఎవరూ ఎప్పుడూ తెచ్చి అప్పగించలేదు. రెండు, ఇది మింగడం కష్టం: నా చేతులకి మసి అంటకూడదని నాకు నేర్పింది పితృస్వామ్యం ఒక్కటే కాదు, కులం కూడా. చేత్తో చేసే పని తక్కువ కులాల పని, బుర్రతో చేసేది మన పని అని నా పెంపకంలోనే ఉంది. డాక్టరేటు ఉన్న నేను ఒక రబ్బరు పొర ముందు నిరక్షరాస్యురాలిని. ఆయన్ని సదస్సుకి పిలిచి మాట్లాడించాలని మనకెప్పుడన్నా తోచిందా? శ్రమని గౌరవించాలని వందసార్లు రాశాం. గోరు కింద మసి పోవడానికి ఎన్ని రోజులు పడుతుందో మనలో ఎంతమందికి తెలుసు?

ఇక నా అసలు తగువు మన సాహిత్యంతో.

తెలుగు స్త్రీవాద కవిత్వం చేసిన గొప్ప పని వస్తువుల్ని సాహిత్యంలోకి లాక్కురావడం. విమల 'వంటిల్లు', కొండేపూడి నిర్మల 'లేబర్ రూం', జయప్రభ 'పైటను తగలెయ్యాలి'... ఆ పేర్లే చూడండి. గది, మంచం, గుడ్డ. మన జీవితంలో కనబడకుండా ఉన్నవాటిని పేరు పెట్టి పిలిచారు. కానీ ఇంట్లోంచి బయటికి అడుగు పెట్టగానే మన కవిత్వానికి ఏమవుతుందో గానీ వస్తువు మాయమై రెక్కలు మొలుస్తాయి. ఆకాశం వస్తుంది, పక్షి వస్తుంది, హోరుగాలి వస్తుంది. వంటింట్లో గిన్నె మసి దాకా రాసినవాళ్లం, రోడ్డు మీదికి రాగానే నేల విడిచి సాము చేస్తున్నాం. రెక్కలకి ఆర్సీ అక్కర్లేదు, ఇన్సూరెన్సు అక్కర్లేదు, చెయిన్ సెట్టు మార్చక్కర్లేదు. అందుకే అవి తేలిక. అందుకే వాటిని చూసి మగవాళ్లూ చప్పట్లు కొడతారు.

తెలుగులో యాత్రా రచన అనగానే చెప్పుకునే ఏనుగుల వీరాస్వామయ్య 'కాశీయాత్ర చరిత్ర' ఎట్లా ఉంటుంది? 1830 మేలో చెన్నపట్నం నుంచి బయల్దేరి మా తిరుపతి మీదుగానే పోయాడాయన. ఆ పుస్తకం నిండా ఎక్కడ నీళ్లు బాగుంటాయి, ఎక్కడ దిగడానికి వసతి ఉంది, దారి ఎట్లా ఉంది, సరుకులు దొరుకుతాయా లేదా అన్న లెక్కే. పల్లకీ మోసిన బోయీల భుజాల మీద జరిగిన యాత్ర అది, ఆ సంగతి మరవకూడదు. కానీ ప్రయాణం అంటే ఏర్పాటు అని ఆయనకి తెలుసు. మనం ప్రయాణం అంటే అనుభూతి అనుకుంటున్నాం. 1934 డిసెంబరులో లండన్ నుంచి మోటారు సైకిలు మీద బయల్దేరి సహారా దాటి 1935లో కేప్‌టౌన్ చేరిన ఇద్దరు ఆడవాళ్లలో ఒకరైన థెరిసా వాలక్, ఆ తర్వాత బతికినంతకాలం మోటారు సైకిళ్లనే పనిగా చేసుకుంది. చికాగోలో మోటారు సైకిళ్ల దుకాణం పెట్టింది, ఫీనిక్సులో నడపడం నేర్పే బడి పెట్టింది. 2018లో హైదరాబాదు నుంచి నలుగురు స్త్రీలు మోటారు సైకిళ్ల మీద మెకాంగ్ నది దేశాల దాకా వెళ్లొచ్చారు. వాళ్లలో ఒకరైన జై భారతి ఆ తర్వాత ఊళ్లో ఆడవాళ్లకి బండ్లు, ఆటోలు నడపడం నేర్పే పనిలో పడ్డారు. వాళ్ల యాత్ర మనకి వార్త అయింది. ఆ నేర్పే పని మాత్రం మన వ్యాసాలకి వస్తువు కాలేదు.

దీనికి ఎదురుగా ఒక చరిత్ర ఉంది. 1990ల మొదట్లో ఉత్తరప్రదేశ్ బాందా ప్రాంతంలో మహిళా సమాఖ్య కార్యక్రమం కింద దళిత, ఆదివాసీ స్త్రీలు చేతిపంపులు బాగుచెయ్యడం నేర్చుకున్నారు. పంపులు విప్పిన ఆడవాళ్లే చదువు కావాలని అడిగారు. చదువు వచ్చాక 'మహిళా డాకియా' అని సొంత పత్రిక రాసుకున్నారు. ఆ దారిలోనే 2002లో 'ఖబర్ లహరియా' పుట్టింది. ముందు పానా, తర్వాత అక్షరం, తర్వాత పత్రిక. మనం అక్షరం దగ్గర మొదలుపెట్టి అక్కడే ఆగిపోయాం.

ఇంతా ఒక పాత మోటారు సైకిలు గురించేనా అంటారేమో. కాదు.

2019 నవంబరు 27 రాత్రి శంషాబాద్ టోల్‌గేటు దగ్గర ఏం జరిగిందో మనందరికీ తెలుసు. పోలీసులు చెప్పిన ప్రకారం, ఆ పశువైద్యురాలి స్కూటరు టైరులో గాలి తీసినవాళ్లే, బాగుచేయించి తెస్తామని దగ్గరికొచ్చారు. ఆమెకి పంక్చరు వెయ్యడం వచ్చి ఉంటే బతికేది అని నేను అనను. అంటే నా నోరు పడిపోవాలి. తప్పు చేసినవాళ్లది, ఆ రోడ్డుని అట్లా వదిలేసిన ప్రభుత్వానిది. కానీ ఆ నేరం ఏ దారిలో వచ్చిందో చూడండి. ఆగిపోయిన బండి దగ్గర నిలబడ్డ ఆడదానికి మగవాడి సాయం తప్పనిసరి అని ఈ సమాజం చేసిన ఏర్పాటు దారిలోనే వచ్చింది. డిసెంబరు 6న నలుగుర్ని కాల్చి చంపారు. జనం పూలు చల్లారు. అది బూటకమని సుప్రీంకోర్టు వేసిన కమిషన్ 2022లో తేల్చింది. తుపాకీతో మూయించింది కేసుని మాత్రమే. ఆ ఏర్పాటు చెక్కుచెదరలేదు. ఆ వారం మా అమ్మ ఏడుస్తూ ఫోన్ చేసింది, "ఆ బండి అమ్మెయ్యి తల్లీ" అని. ఎన్ని ఇళ్లలో ఎన్ని బండ్ల తాళాలు ఆ వారం అల్మారాల్లోకి పోయాయో ఎవరూ లెక్కపెట్టలేదు.

నేను అమ్మలేదు. భయం లేక కాదు. ఆ తర్వాత రెండేళ్లకి భాకరాపేట ఘాటులో రాత్రి ఎనిమిదిన్నరకి క్లచ్ కేబుల్ తెగింది. రెండు మలుపుల కింద ఒక కారు ఆగి ఉంది. అందులో ఉన్నది మంచివాళ్లో చెడ్డవాళ్లో నాకు తెలియదు. తెలుసుకోవలసిన అవసరం కూడా రాలేదు. బండిని దిగుడు వైపు తోసి, కదిలాక రెండో గేరులో వేసి, ఇంజను అందుకున్నాక చక్రం వేగానికి ఇంజను వేగం కలిసిన క్షణం చూసి గేర్లు మారుస్తూ చంద్రగిరి దాకా వచ్చాను. చెమటతో తడిసిపోయాను, కాళ్లు వణికాయి. ఇది సాహసం కథ కాదు. ఎవరి మంచితనం మీదా ఆధారపడకుండా ఇల్లు చేరడం. రెక్కల కవితల్లో నాకు ఎప్పుడూ దొరకనిది ఇదే.

"ఇదంతా డాక్టరేట్లు ఉన్నవాళ్ల ముచ్చట, కూలికి పోయే ఆడవాళ్లకేంటి?" అని ఒక మిత్రురాలు అడిగింది. 2025 ఆగస్టు 15 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఆడవాళ్లకి బస్సు ఉచితమయ్యాక "ఇంకా బండెందుకు?" అని కూడా అన్నారు. ఉచిత బస్సు కావాలి, దాన్ని తీసేస్తామంటే రోడ్డెక్కుదాం. కానీ బస్సు వేళ బస్సుది. ఇక కూలి సంగతి. మా వీధిలో పొదుపు సంఘంలో అప్పు తీసుకుని బండి కొన్న ఆడవాళ్లు ముగ్గురున్నారు. కంతు కట్టేది వాళ్లు, సంతకం వాళ్లది. మూడు ఆర్సీల మీదా మొగుళ్ల పేర్లు. అందులో ఒకామె బండి ఎక్కడమే మానేసింది, మొగుడు దాన్ని కుదువపెట్టాడు. పేరు ఆయనది కదా! ఆస్తి హక్కు గురించి మనం పొలం దగ్గరా ఇంటి దగ్గరా మాట్లాడతాం. మా ఇళ్లలో ఆడవాళ్లు మొట్టమొదట కొనగలిగే ఆస్తి రెండు చక్రాలది. అక్కడే ఓడిపోతే పొలం దాకా ఎట్లా పోతాం?

కాబట్టి నేను అడిగేవి పెద్దవేం కావు. మహిళా కళాశాలల్లో, హాస్టళ్లలో ఏడాదికి రెండు రోజులు బండి విప్పడం నేర్పాలి. నేర్పే మెకానిక్కుని వక్తలాగే శాలువా కప్పి పిలవాలి, వక్తకిచ్చే డబ్బే ఇవ్వాలి. ఐటీఐలో ఈ పని నేర్చుకున్న ఆడపిల్లకి షెడ్డు పెట్టుకోవడానికి పొదుపు సంఘాలు అప్పివ్వాలి, ఆ షెడ్డుకి ముందుగా మన బండ్లే పోవాలి. మన పత్రికలు కవిత వేసిన పేజీ పక్కనే పంక్చరు ఎట్లా వెయ్యాలో కూడా అచ్చు వెయ్యాలి. అది సాహిత్యం కాదని ఎవరన్నా అంటే, వంటిల్లు గురించి కూడా ఒకప్పుడు ఇదే అన్నారని గుర్తు చెయ్యాలి.

వచ్చే ఆదివారం నా బండికి చెయిన్ సెట్టు మారుస్తున్నాను. ఇద్దరు విద్యార్థినులు వస్తామన్నారు. పాత బట్టలు వేసుకుని రమ్మన్నాను. ఆ పెద్ద రచయిత్రిని కూడా పిలిచాను, ఇంకా జవాబు రాలేదు.

ఇది చదువుతున్న మీరు లేచి వెళ్లి బీరువాలో మీ బండి కాగితాలు తీయండి. మీరు రోజూ నడిపే ఆ బండి ఎవరి పేరు మీద ఉంది?